పిల్ల పాముకి కడుపు నిండా పెట్టడం ఎలా?

డాలస్‌లో మనవడు మారాం చేసి బాల్ పైథాన్ పిల్లని కొనిపించుకున్నాడు. హాల్లో గాజుపెట్టె, దాని అడుగున హీట్ మ్యాట్, ఫ్రీజర్‌లో కరివేపాకు పొట్లం పక్కనే గడ్డకట్టిన ఎలుకపిల్లల ప్యాకెట్. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన మీకు, తిరిగి వెళ్లేలోగా ఆ పాముకి కాస్త ఒళ్లు పట్టించాలని ఉంది. ఇంట్లో ఏ పిల్లయినా తినలేదంటే మీకు నిద్రపట్టదు కదా. అందుకే ఈ సలహాలు. ఇంతమందిని పెంచిన చేతులకి మూరెడు పాము ఒక లెక్కా? ఆ పెంపకాన్నే ఏ మార్పూ లేకుండా దీని మీద ప్రయోగించండి. ఫలితం రెండు మూడు రోజుల్లో పెట్టెలోంచి వచ్చే వాసనతో మీకే తెలుస్తుంది.

ఇంటికొచ్చిన ప్రాణిని పస్తు పడుకోబెట్టకూడదు. కారు దిగగానే పెట్టేయండి. "వారం రోజులు దాన్ని కదపొద్దు అమ్మమ్మా, దాక్కోడానికి రెండు గూళ్లు పెట్టి వదిలెయ్యాలి" అని మనవడు అడ్డుపడతాడు. గూళ్లు తీసేయండి. దాక్కుంటే తిందో లేదో మనకెలా కనిపిస్తుంది? పడమటి ఆఫ్రికాలో, ఘనా, టోగో, బెనిన్ వైపు, ఈ జాతి పగలంతా ఎలుక బొరియల్లోనూ పాడుబడ్డ చెదపుట్టల్లోనూ ముడుచుకుని పడుకుంటుంది. అది ఆఫ్రికా సంగతి. మీ ఇంట్లో ట్యూబ్‌లైట్లు వేసి, టీవీలో సీరియల్ పెట్టి, గంటకోసారి మూత తీసి "ఏమ్మా, తిన్నావా?" అని పలకరిస్తుంటే దానికి బెంగ ఎందుకుంటుంది? పుట్టి వారమే అయిందంటే ఇంకా త్వరపడాలి. గుడ్డులో మిగిలిన పచ్చసొన కడుపులో ఉంటుందనీ, మొదటి కుబుసం విడిచేదాకా తిండి వైపు చూడదనీ పుస్తకాల్లో రాస్తారు. పచ్చసొనతో ఎవరి ఆకలి తీరింది?

ఇక ఎంత పెట్టాలన్నది. మనవడి లెక్క ప్రకారం అరవై గ్రాముల పిల్లకి ఆరు నుంచి తొమ్మిది గ్రాముల చిట్టెలుక, అదీ వారానికి ఒకటి. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంత ఉందో ఎలుక కూడా అంతే ఉండాలట. వారానికి ఒక్క పూట భోజనం! వినడానికే పాపం అనిపిస్తుంది. ప్యాకెట్లో అన్నిటికన్నా పెద్దది తీయండి. పాము కింది దవడ రెండు ముక్కలు ఎముకతో అతుక్కుని ఉండవు, సాగే స్నాయువుతో కలిసి ఉంటాయి, కాబట్టి నోరు ఎంతైనా తెరుచుకుంటుంది. నోరు పట్టినదాన్ని కడుపు పట్టదా అన్నది మన వాదన. పట్టదని పాము అంటుంది, కానీ నోటితో అనదు, రెండో రోజు కక్కి చూపిస్తుంది. అది నమలదు, ఎలుకని చర్మంతో ఎముకలతో మొత్తంగా మింగుతుంది. పైనుంచి ఆమ్లం కరిగించుకుంటూ లోపలికి వెళ్లేసరికి, పెద్ద ఎలుక కడుపులోపల అప్పటికే కుళ్లడం మొదలవుతుంది. ఆ పందెంలో కుళ్లు గెలిస్తే ఎలుక వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

అసలు రహస్యం మాత్రం వేడిలో ఉంది. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే పాము అరుగుదలని పాడుచేయడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

బర్మీస్ పైథాన్ మీద స్టీఫెన్ సీకర్, జారెడ్ డైమండ్ ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ డైమండే తర్వాత మానవ చరిత్ర మీద రాసిన పుస్తకాలతో ప్రసిద్ధుడయ్యాడు. నెలరోజులు పస్తున్న పైథాన్ లోపల పేగులు సన్నబడి, ఆమ్లం ఊరడం దాదాపు ఆగిపోయి ఉంటుంది. వాడకం లేని అవయవాలకి ఖర్చు పెట్టడం దానికి ఇష్టం ఉండదు. ఎలుక దిగగానే అన్నీ కొత్తగా కట్టుకోవాలి. ఒకటి రెండు రోజుల్లో చిన్నపేగు బరువు రెట్టింపు అవుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు మామూలు కన్నా నలభై రెట్ల దాకా పోతుంది. గుండె సైతం రెండు రోజుల్లో నలభై శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. మన బాల్ పైథాన్ దానికి చుట్టమే. మనం అన్నం తిని కునుకు తీస్తాం. పాము మాత్రం తిన్నాక అసలు పనిలోకి దిగుతుంది.

ఆ పనికి కావలసిన వేడిని అది ఒంట్లో పుట్టించుకోలేదు, బయట నుంచి తెచ్చుకోవాలి. అందుకే పెట్టెలో ఒకవైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండోవైపు 76 నుంచి 80 ఉండాలంటారు, ఎటు కావాలంటే అటు జరగడానికి. అమెరికాలో కరెంటు బిల్లు అబ్బాయి కడుతున్నాడు. మీరు మాత్రం చూస్తూ ఊరుకుంటారా? రాత్రి అందరూ పడుకోగానే హీట్ మ్యాట్ ప్లగ్ పీకేయండి. డిసెంబర్‌లో హాలు 68 డిగ్రీలు ఉంటుంది, మీరు శాలువా కప్పుకుని హాయిగానే ఉన్నారు, పాముకి మాత్రం ఏం తక్కువ? ఆ చలిలో ఆమ్లం పని మందగిస్తుంది, ఎలుకలోని బ్యాక్టీరియా మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఉదయం మనవడు థర్మామీటర్ చూసి గోల చేస్తే పొరపాటు దిద్దుకోవడానికి రెండో చివరకి వెళ్లండి: థర్మోస్టాట్ తీసేసి మ్యాట్‌ని నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టండి. చలికి అరగని పాముకి ఈసారి పొట్ట కింద చర్మం కాలుతుంది. కాలుతున్నా చాలా పాములు పక్కకి జరగవు.

గడ్డకట్టిన ఎలుకని వండే విధానం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత సంచీలో వేసి వేడినీళ్లలో ముంచి, ఒళ్లు వెచ్చబడ్డాక పొడవాటి పటకారుతో అందించాలని మనవడి పద్ధతి. ఈ పాము పెదవుల మీద వేడిని కనిపెట్టే చిన్న చిన్న గుంటలుంటాయి. వెచ్చగా ఉన్నదాన్నే అది ఆహారమని గుర్తుపడుతుంది. మనకి అంత తీరిక ఎక్కడిది? నిన్నటి పులిహోర వేడి చేసిన మైక్రోవేవ్‌లోనే తిప్పేయండి. బయట ఉడికి, లోపల గడ్డకట్టి, అదృష్టం బాగుంటే పేలుతుంది కూడా. ఆ తర్వాత అదే మైక్రోవేవ్‌లో చంటిదాని పాలు వేడి చేయండి. సాల్మొనెల్లా అనే పేరు ఇంట్లో అందరికీ పరిచయం కావాలి. అయిదేళ్లలోపు పిల్లలు పాముల్ని, తాబేళ్లని ముట్టుకోకూడదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థే చెబుతోంది, కానీ ఆ సంస్థ వాళ్లు మీ ఫ్యామిలీ గ్రూపులో లేరు.

గ్రూపు అంటే గుర్తొచ్చింది. తిన్న వెంటనే వీడియో తీయాలి. పొట్ట ఉబ్బెత్తుగా ఉన్నప్పుడే ఫోటో బాగా వస్తుంది. రెండు రోజులు చేత్తో తాకవద్దని అంటారు. విజయనగరం వదిన రెండు రోజులు ఆగుతుందా? మెడలో వేసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, కెమెరాకి దగ్గరగా చూపించండి. బెదిరిన పాము పారిపోవాలంటే ఒళ్లు తేలిక చేసుకోవాలి, కడుపులో ఉన్నదాన్ని కక్కేస్తుంది. అదీ వీడియోలో పడుతుంది.

కక్కేసింది. ఇప్పుడేం చేయాలి? పాపం, కడుపు ఖాళీ అయిపోయింది కదా, సాయంత్రమే ఇంకో ఎలుక పెట్టండి, ఈసారి కాస్త పెద్దది. మనవడు తల బాదుకుంటాడు. పది నుంచి పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకూడదు, మంచినీళ్లు మాత్రమే, తర్వాత మామూలు దాంట్లో సగం సైజు ఎలుక అంటాడు. కక్కినప్పుడు ఎలుకతో పాటు ఆమ్లం కూడా గొంతుని ఒరుసుకుంటూ పైకి వచ్చింది, కడుపు పొర మళ్లీ కుదుటపడాలి, ఒంట్లో నీరు తిరిగి చేరాలి. పన్నెండేళ్ల పిల్లాడు పెద్దవాళ్లకి చెప్పే మాటలా ఇవి? వెంటనే పెడితే మళ్లీ కక్కుతుంది. రెండుసార్లు కక్కిన పిల్ల పాము కోలుకోవడం కష్టం. మూడోసారి తర్వాత తిండి గురించి మీకు దిగులు పడే అవసరం ఎక్కువ రోజులు ఉండదు.

మధ్యలో ఇంటివైద్యం. వాము నీళ్లు, జీలకర్ర కషాయం, చిటికెడు ఇంగువ, అన్నిటికీ మించి పాలు. నాగుల చవితికి పుట్టలో పోసే పాలు తరతరాలుగా పాము తాగుతోందనే కదా మన నమ్మకం. నిజానికి వాటిని పుట్టమన్ను తాగుతుంది. పాలని అరిగించుకునే ఏర్పాటు పాము కడుపులో లేదు, దాని తల్లి దానికి పాలిచ్చి పెంచలేదు. మరి నాగపంచమికి పాములవాళ్ల బుట్టలో పాము తాగేస్తుందేం? చాలా రోజులు నీళ్లు లేకుండా ఎండబెట్టిన పాము ముందు ఏ గిన్నె పెట్టినా తాగుతుంది. ఆ పాలు కడుపుని పాడుచేస్తాయి, ఊపిరితిత్తుల్లోకి కూడా దిగుతాయి. పండగ వెళ్లాక ఆ పాముల్లో చాలావాటికి ఏమైందో ఎవరూ అడగరు. మీరూ అదే పద్ధతి పాటించండి: ముందు నీళ్ల గిన్నె తీసేసి, తర్వాత బోర్న్‌విటా కలిపిన పాలు పెట్టండి.

(ఊళ్లో తమ్ముడు ఇది విని పొలంగట్టు మీద జెర్రిపోతు పిల్లని పట్టి పెంచుతానంటే మాత్రం ఆపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. జైల్లో మెనూ మనం రాసేది కాదు.)

విరేచనం విషయం పొట్టిగా తేల్చేద్దాం. వారానికోసారి తినేది రోజూ వెళ్లదు. అయినా రోజూ పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని ఎదురుచూడండి, కనబడకపోతే ఆముదం పట్టండి. పెట్టెలో తేమ తక్కువై, నీళ్లు చాలక, గట్టిపడి ఉండొచ్చని, లోతు తక్కువ గోరువెచ్చని నీళ్లలో కాసేపు వదిలితే చాలాసార్లు తేలిగ్గా వెళుతుందని తెలిస్తే మన ఆముదానికి విలువేముంటుంది? మలంతో పాటు తెల్లగా సుద్దలా పడేది దాని మూత్రమే. మీరు దాన్ని క్యాల్షియం లోపం అని చెప్పి ఇంట్లో అందరినీ కంగారుపెట్టవచ్చు.

ఇక కొన్ని పాములు అసలు నోరే తెరవవు. ఈ జాతికి పస్తులుండటం మామూలు విషయం. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారుతాయి, అప్పుడు ఎలుకని చూసి మొహం తిప్పుకుంటుంది. పెద్దవి కొన్ని చలికాలమంతా తినవు, అయినా చెక్కుచెదరవు. పిల్ల విషయంలో అంత ధీమా పనికిరాదని, వంటింటి తూకంలో వారం వారం తూచి రాసుకోవాలని, పదోవంతు బరువు తగ్గితే డాక్టర్‌కి చూపించాలని అంటారు. పిల్లల్ని తూచితే దిష్టి తగులుతుంది. తూకం అవసరం లేదు, చెంచా కాడతో నోరు తెరిచి ఎలుకని లోపలికి నెట్టండి. ఉగ్గు పెట్టిన చేతికి అది ఎంత పని! సన్నటి పళ్లు విరిగినా, గొంతు చిట్లినా పాము అరవదు, అది దాని మంచితనం.

దీనికి పూర్తి వ్యతిరేకంగా మీ పాము ఎంత పెట్టినా తినే రకమైతే ఇంకా మంచిది. మూడు రోజులకోసారి పెడుతూ పోండి, కాలేయానికి కొవ్వు పడుతుంది. బాగా చూసుకుంటే ఇవి ముప్ఫై ఏళ్లు బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో అరవై ఏళ్లు దాటిందని అంచనా వేసిన ఆడపాము 2020లో గుడ్లు పెట్టింది. అరవై ఏళ్ల పాటు ఎలుకలు కొనే స్తోమత మీ అబ్బాయికి ఉందా? ఇప్పుడే దిట్టంగా పెట్టేస్తే ఆ ఖర్చంతా కలిసొస్తుంది.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లక తప్పకపోతే, పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ కోసం వెతకొద్దు, వీధి చివర కుక్కల డాక్టర్ చాలు. ఒంటి మధ్యలో వాపు కనిపిస్తే ఒళ్లు చేసిందని సంతోషించండి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కడుపు గోడని అలాగే ఉబ్బిస్తుంది, దానికి ఖాయంగా నయం చేసే మందు లేదు, మామూలు బ్లీచ్‌కి చావదు, పక్క పెట్టెలోని పాముకి అంటుకుంటుంది. అది సోకిన పాము కూడా తిన్నది కక్కుతూనే ఉంటుంది. పెట్టిన తేదీలు, పెట్టె వేడి, బరువులు మనవడు నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటాడు. దాన్ని ఇంట్లోనే మర్చిపోండి. కక్కిన ఎలుకని జిప్‌లాక్ సంచీలో కట్టి ఫ్రిజ్‌లో దాచాడేమో చూసి, వాడు స్కూలుకి వెళ్లగానే బయట పారేయండి. అది చేతికి దొరికితే డాక్టర్ పరీక్షకి పంపించి అసలు జబ్బేమిటో కనిపెట్టేస్తాడు. అప్పుడు మీ వాము నీళ్ల మాట ఇంట్లో ఎవరు వింటారు?