అన్నభేది పద్యానికి బెలుం వ్యాఖ్య

అవతారిక: నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల పొడవున బెలుం గుహలున్నాయి. అవి సున్నపురాయిలో తొలిచిన గుహలు. అలాంటి సున్నపు నేలల్లో వేరుశనగ వేస్తే ఒక్కోసారి లేతాకులు పసుపెక్కి, ఆపైన తెల్లబడతాయి; ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. దీనికి విరుగుడును ఎరువుల కొట్టు ఆస్థానకవి ఒకడు ఆటవెలదిలో చెప్పాడు.

మూలం:

అన్నభేది కేజి యాకుల కొరకయి
నిమ్మయుప్పు తోడ నేర్పు గలిపి
వార మాగి మరల వానలేని దినము
చల్లవలయు చేను చక్కబడగ

ప్రతిపదార్థం: అన్నభేది = ఫెర్రస్ సల్ఫేట్ అనే లేత ఆకుపచ్చ పలుకులను; కేజి = ఎకరాకు ఒక కిలో (ఎకరా అనే మాట గణాల్లో ఇమడక కవి దాన్ని వ్యాఖ్యాత నెత్తిన పెట్టాడు); ఆకుల కొరకయి = నేలకు కాదు, ఆకులకే; నిమ్మయుప్పు తోడ = 200 గ్రాముల సిట్రిక్ ఆమ్లంతో; నేర్పు గలిపి = 200 లీటర్ల నీళ్లలో పలుకు మిగలకుండా కరిగించి; వార మాగి మరల = ఒకసారి కొట్టి, వారానికి రెండోసారి; వానలేని దినము = కొట్టిన మందు కడుక్కుపోని రోజున; చల్లవలయు = పిచికారీ చేయాలి; చేను చక్కబడగ = కొత్త చిగురు పచ్చగా వచ్చేట్టు.

తాత్పర్యం: ఇనుము అందని పైరుకు ఆకు మీదనే ఇనుము అందించాలి.

పూర్వపక్షం: సీమలో ఇనుముకు కరువా? ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుముతో గదా! ఉన్నదాన్ని మళ్లీ కొనమనడం కొట్టువాడి మాయ కాదా?

సిద్ధాంతం: కాదు. ఉండటం వేరు, అందటం వేరు. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయిని తింటూ పోతేనే గుహ ఏర్పడింది. కరిగిన సున్నం ఊరికే పోదు. బైకార్బనేటుగా మారి భూగర్భ జలంలో కలుస్తుంది, బోరు వెంట చేనికెక్కుతుంది. సున్నం మిక్కిలిగా ఉన్న మట్టిలో ఇనుము కరగని రూపంలో బిగుసుకుపోతుంది. ముసురు పట్టి చేలో తేమ నిలిస్తే మరీను. ఆ మట్టిలోనే అన్నభేది చల్లితే అదీ బిగుసుకుపోతుంది. అందుకే కవి 'ఆకుల కొరకయి' అన్నాడు. యతి కోసం అన్నమాట కాదు.

విశేషం: నిమ్మయుప్పును పాదపూరణమనుకుని మానేసేవారున్నారు. వారి బకెట్లోకి తొంగిచూడండి. వేసినప్పుడు లేతాకుపచ్చగా ఉన్న నీళ్లు కాసేపటికి గోధుమరంగు తిరుగుతాయి, అడుగున తుప్పు పేరుకుంటుంది. గాలి తగిలి మారిపోయిన ఆ ఇనుము ఆకుకు పనికిరాదు. పులుపు తోడుంటే ఇనుము కరిగిన రూపంలోనే నిలుస్తుంది. మూట విప్పి వదిలేసిన అన్నభేది పచ్చదనం పోయి తుప్పురంగు పొడి అయిందంటే దానికీ అదే గతి.

తేయాకు విషయం: ఈ పద్యం తేయాకుకు చెల్లుతుందా అని శంక. ఆ మొక్కకు పుల్లని నేల కావాలి; ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 మధ్య ఉంటేనే సుఖంగా పెరుగుతుంది. బెలుం మట్టిలో నాటితే దానికీ పసుపే. నీలగిరుల్లో వ్యవహారం తలకిందులు. ఏళ్ల తరబడి అమ్మోనియా ఎరువులు వేసి నేల పులుపు మితిమీరితే అక్కడ డోలమైట్ పొడి చల్లుతారు. అదీ సున్నపురాయికి చుట్టమే, కాస్త మెగ్నీషియం కలిసింది. ఇక్కడివారు వద్దన్నా వదలని సున్నాన్ని అక్కడివారు డబ్బిచ్చి కొంటారు. అక్కడ నేలలోనే ఉన్న పులుపును ఇక్కడివారు పొట్లాల్లో కొంటారు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నిత్యం పఠించినవారికి ఏ ఫలమూ లేదు. పంపు భుజానికెత్తుకుని రెండుసార్లు కొట్టినవారికి చేను పచ్చబడుతుంది. అయితే పసుపు లేతాకుల్లో మొదలైందో ముదురాకుల్లో మొదలైందో ముందు చూసుకోవాలి. ముదురాకులే ముందు పసుపెక్కితే అది నత్రజని లోపం కావచ్చు. ఆ రైతు వేరే పద్యం వెతుక్కోవాలి.