ప్రభుత్వం మీద మా బావగారు

అమెరికాలో తెలుగువాళ్లు నాలుగు కుటుంబాలు పోగైన ప్రతి చోటా ప్రభుత్వాన్ని తిట్టడానికి ఒకాయన ఉంటాడు. గుళ్లో పులిహోర వరసలో మన వెనక నిలబడి, కుశలప్రశ్నల బదులు "ట్యాక్స్ ఎంత కట్టారీసారి?" అంటాడే, ఆయనే. మీ ఊళ్లో ఎవరో నాకు తెలియదు గానీ లాస్ ఏంజిలస్ కౌంటీ మొత్తానికీ ఆ పదవి మా బావగారిది. ఎన్నిక లేదు, పోటీ లేదు, పదవీ విరమణ అంతకన్నా లేదు.

పుట్టింది తెనాలి దగ్గర. ఉండేది ఆల్టడీనాలో, సాన్ గేబ్రియల్ కొండల కింద. ఇక్కడే ఒక నీళ్ల శాఖలో పాతికేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నెల తిరిగేసరికి పెన్షన్ ఠంచనుగా బ్యాంకులో పడుతుంది. అది ఎవరి పన్నుల్లోంచి వస్తోందని అడిగితే మాత్రం ఆయనకి హఠాత్తుగా చెవుడొస్తుంది.

"గవర్నమెంటు వాళ్లు పని చెయ్యరోయ్" అంటారు.

"మీకెలా తెలుసు బావగారూ?"

"పాతికేళ్లు లోపల ఉండి చూశాను కదయ్యా!"

ఇంతటి మనిషి 2025 జనవరి 7 రాత్రి ఏం చేశారో చెప్పాలి. ఆ సాయంత్రం ఆరు దాటాక ఈటన్ కాన్యన్‌లో నిప్పు లేచింది. శాంటా ఆనా గాలి చెట్లని వంచేస్తోంది. ఆల్టడీనాని నిలువునా చీలుస్తూ లేక్ అవెన్యూ అని ఒక రోడ్డుంది. దానికి తూర్పున ఉన్నవాళ్లకి ఇళ్లు ఖాళీ చెయ్యమని సాయంత్రమే ఆర్డర్లు వచ్చేశాయి. బావగారిల్లు పడమటి వైపు. అక్కయ్య పాస్‌పోర్టులు, బంగారం, మా అమ్మ ఫొటో, ఆవకాయ జాడీ కారులో పెట్టేసి గుమ్మంలో నిలబడింది. ఈయన మాత్రం కుర్చీలోంచి లేవరు.

"ఆర్డరు రాలేదు" అన్నారట.

"కిటికీలోంచి మంట కనిపిస్తోందండీ!"

"కనిపించనీ. అంత ప్రమాదమే అయితే చెప్పరా? ఎంత చేతకాని గవర్నమెంటైనా మంటలొస్తే ఆ మాత్రం చెప్పదా?"

నలభై ఏళ్లుగా ప్రభుత్వం చెప్పిన ఒక్క ముక్కా నమ్మని మనిషి, నమ్మకూడని రాత్రి చూసి మరీ నమ్మారు. చివరికి అక్కయ్య కారు తాళాలు తీసుకుని, "నేను తమ్ముడింటికి పోతున్నా. మీరు ఆర్డరు వచ్చాక నింపాదిగా రండి" అంది. ఈయన లేచి వెళ్లి కారెక్కారు. అక్కయ్య ఆర్డరుకి అప్పీలు లేదు.

పడమటి వైపుకి ఆర్డరు వచ్చింది తెల్లవారుజామున మూడు దాటాక. మా ఇంట్లో అందరం నిద్రలో ఉంటే ఈయన ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి, దీపాలు వేసి, నిద్ర లేపి చూపించారు. ఇల్లు కాలిందో లేదో తెలియదన్న దిగులు ఆ మొహంలో లేదు. అమ్మాయిని ఇచ్చిన వియ్యాలవారు మాట తప్పితే ఎలా ఉంటుందో అలా ఉన్నారు. ఈటన్ మంటల్లో చనిపోయినవాళ్లు దాదాపు అందరూ లేక్ అవెన్యూకి పడమట ఉన్నవాళ్లే. ఆ ఒక్క సంగతి గురించి ఆయన తిడుతున్నప్పుడు నేను నవ్వను. ఎదురూ చెప్పను.

మిగతా తిట్ల సంగతి వేరు.

మొదటి వంతు లాస్ ఏంజిలస్ మేయరుది. మంటలు లేచిన రోజు కరెన్ బాస్ గారు ఘానా దేశంలో, అక్కడి కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో ఉన్నారు. ఇది దొరికాక బావగారికి వేరే ఆహారం అక్కర్లేకపోయింది. "ఊరు తగలబడుతుంటే ఘానాలో భోజనాలా?" అని కనిపించిన ప్రతివాణ్నీ నిలదీశారు. వినీ వినీ ఒక రోజు నేనే అన్నాను, "బావగారూ, ఆల్టడీనా లాస్ ఏంజిలస్ నగరంలో లేదు కదా. కౌంటీ కిందకొస్తుంది. అసలు మీ ఊరికి మేయరే లేరు."

"లేకపోవడమే కదయ్యా నేనంటున్నదీ!" అన్నారు. "ఉంటే ఆయన్ని తిట్టుకునేవాణ్ని. లేడు గనక పక్కూరి మేయర్ని వాడుకుంటున్నా."

2022లో కరెన్ బాస్, రిక్ కరూసోల మధ్య మేయరు ఎన్నిక జరిగినప్పుడూ ఇదే వరస. ఇద్దరిలో ఎవరికి వెయ్యాలో నెలల తరబడి తర్జనభర్జన పడి, గుళ్లో ఇద్దరితో మాట్లాడ్డం మానేశారు. ఆ ఎన్నికలో ఆయనకి ఓటే లేదు.

మేయరు అయిపోగానే మన దేశం వస్తుంది. "హుద్‌హుద్ తుఫానొచ్చినప్పుడు చంద్రబాబు విశాఖలో దిగి బస్సులో పడుకుని పని చేయించాడు. అదీ పరిపాలనంటే!" అంటారు. 2014 అక్టోబరులో ఆ తుఫాను వచ్చినప్పుడు, విశాఖలో ఉన్న మా పిన్ని వాళ్లకి కరెంటు రాలేదని ఇదే మనిషి ఇదే సోఫాలో కూర్చుని అదే ప్రభుత్వాన్ని ఏకిపారేశారు. బావగారి దృష్టిలో మంచి ప్రభుత్వాలు రెండే రకాలు: పాతబడినవి, దూరంగా ఉన్నవి. 1977 నాటి దివిసీమ ఉప్పెనప్పటి ప్రభుత్వం గురించి కూడా ఈ మధ్య కాస్త మెత్తగా మాట్లాడుతున్నారు. నాకు భయంగా ఉంది.

పార్టీల విషయంలో ఆయన పరమ నిష్పక్షపాతి. జనవరి 24న ట్రంప్ వచ్చి, విమానం దిగిన చోట గవర్నర్ న్యూసమ్‌తో చేతులు కలిపినప్పుడు టీవీ ముందు కూర్చుని, "ఇద్దరి మొహాలూ చూడు, డబ్బు రాదు" అని తేల్చేశారు. తర్వాత రాష్ట్రం వేల కోట్ల డాలర్ల సాయం అడిగింది. ఆ ఏడాదంతా వాషింగ్టన్‌లో ఆ ఫైలు కదల్లేదు. బావగారు బాధపడాల్సిందా? చెప్పానా లేదా అని సంబరపడ్డారు. సొంత వీధికి రావలసిన డబ్బు రాకపోతే సంబరపడేవాణ్ని నేను ఈయన్ని ఒక్కణ్నే చూశాను.

అయితే ఆయనకి ఒక గట్టు ఉంది. నీళ్లు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి పాత ఇంజనీరు లేచి కూర్చుంటాడు. ఆ నెలంతా ఊరూ వాడా ఒకటే పాట: అదే రోజు తగలబడ్డ లాస్ ఏంజిలస్ పేట పాలిసేడ్స్‌లో ఫైర్ హైడ్రెంట్లలో నీళ్లెందుకు లేవు? కలబాసాస్ కొండల్లో మన వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కదా, అక్కడ ప్రసాదాల దగ్గర ఒకాయన, "అంతా దొంగలండీ, నీళ్లు కూడా తినేశారు" అన్నాడు. బావగారు పులిహోర పక్కన పెట్టేశారు.

"ఎవరు తినేశారండీ? కొండ మీద పది లక్షల గ్యాలన్ల ట్యాంకులు మూడున్నాయి. ఇళ్లకి నీళ్లివ్వడానికి, ఒకటో రెండో ఇళ్లు అంటుకుంటే ఆర్పడానికి లెక్క కట్టి పెట్టినవి. కొండకి కొండే తగలబడితే, వందల పైపులు ఒక్కసారి తెరిస్తే, ప్రెషర్ ఎక్కణ్నుంచి వస్తుంది? అటు ఇల్లు కూలిన ప్రతిచోటా పైపు పగిలి నీళ్లు పోతూనే ఉంటాయి. కింది నుంచి పైకి అంత వేగంగా ఎక్కించడానికి మీ దగ్గర ఏదైనా మంత్రముందా?"

జనం నోళ్లు తెరిచి చూశారు. బావగారు ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడం ఆ గుడి చరిత్రలో అదే మొదలు. అంతలో ఎవరో శాంటా యినెజ్ జలాశయం మాటెత్తారు. 11 కోట్ల 70 లక్షల గ్యాలన్లు పట్టే ఆ జలాశయం, పైన కప్పిన గుడ్డ చిరిగిందని అప్పటికి దాదాపు ఏడాదిగా ఖాళీగా ఉంది. అంతే, "కప్పు కుట్టించడానికి ఏడాదా!" అని మళ్లీ మన మనిషి మనకి దక్కారు.

జనవరి చివర్లో సైన్యంవారు సెంట్రల్ వ్యాలీలో రెండు డ్యాముల నీళ్లు వదిలితే, అది లాస్ ఏంజిలస్ మంటల కోసమేనని అధ్యక్షుడు ప్రకటించారు. బావగారు మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచి, ఆ నీళ్లకీ మనకీ మధ్య ఉన్న కొండల్ని పెన్సిలుతో దిద్ది, కళ్లద్దాలు తీసేసి, ఆ పూటకి ఎవరితోనూ మాట్లాడలేదు. తిట్టే పని మాని ఆయన మౌనం వహించడం కూడా అదే మొదలు.

ఇక్కడ ఇంకో సంగతి. మంటల తర్వాత ఆల్టడీనా కుళాయి నీళ్లు తాగొద్దని, మరగబెట్టినా తాగొద్దని చిన్న నీళ్ల కంపెనీలు నోటీసులిచ్చాయి. ఆ నోటీసుని బావగారు వేదంలా పాటించారు. తులసికోటకి కూడా సీసా నీళ్లే పోశారు.

ఇల్లు కాలలేదు. అదే వచ్చిన చిక్కు. ఈటన్ మంటల్లో తొమ్మిది వేలకి పైగా కట్టడాలు పోయాయి. వాళ్ల వీధిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాలినవాళ్లకి ఒక దారంటూ ఉంది. నిలబడ్డ ఇంటి లోపల గోడల్లో, పరుపుల్లో, దేవుడి గదిలో మసీ పొగా కూరుకుపోతే దాన్ని ఏ గడిలో రాయాలి? బీమా కంపెనీ ఒక మనిషిని పంపింది. ఆయన గోడ మీద వేలు రాసి చూసుకుని, తుడిస్తే పోతుందన్నాడు. తర్వాత ఇంకో మనిషి వచ్చాడు. ఆయనా వేలు రాశాడు. బావగారి దగ్గరున్న ఫైళ్లు అప్పటికే మూడు రంగులకి చేరాయి: ఎరుపు బీమా, పసుపు ఫెమా (కేంద్ర విపత్తు సాయం శాఖ), నీలం కౌంటీ.

ఈ ఫైళ్లలోనే ఆయన అసలు రూపం ఉంది. ప్రభుత్వ ఫారాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి ప్రపంచంలో ఈయనొక్కరే అనుకుంటా. అడుగున చిన్న అక్షరాల్లో, కాగితాల పని తగ్గించే చట్టం గురించి ఒక పేరా ఉంటుంది. అదీ చదువుతారు, చదివి నవ్వుతారు. ఎదురింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఉండేది, రిటైరైన టీచరు. వాళ్ల నాన్న కొన్న ఇల్లు, పొగ గొట్టం తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ ఒక్కర్నీ ఒక్క మాట అనలేదు. ఆవిడ తరఫున ఈయనే అన్నారు. తక్షణావసరాలకి ఫెమా ఇచ్చే 770 డాలర్ల దరఖాస్తు, శిథిలాలు ఎత్తడానికి సైన్యం ఇంజనీర్లని స్థలంలోకి రానిచ్చే అనుమతి, కాలిన ఇంటికి ఆస్తి పన్ను తగ్గించమనే అర్జీ, అన్నీ ఈయన చేతిరాతే. వీధి సగానికి ఈయనే రాశారు. రాసేటంతసేపూ తిట్టారు. గడువు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

శిథిలాల లారీలు వచ్చినన్నాళ్లూ బావగారు మాస్కు కట్టుకుని, మడత కుర్చీ వేసుకుని, నోటుబుక్కు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు. ఎవడు ఎన్నింటికొచ్చాడు, ఎంతసేపు కాఫీ తాగాడు, అన్నీ రాయాలని. వారం తిరిగేసరికి పుస్తకంలో రాయడానికి ఏమీ దొరక్క, ఫ్లాస్కులో చల్లటి మజ్జిగ పట్టుకెళ్లి వాళ్లకి పోయడం మొదలుపెట్టారు. "పాపం పని చేస్తున్నారే" అని అక్కయ్యతో నిరాశగా అన్నారట.

పన్నుల సంగతి చెప్పకపోతే ఆయన ఊరుకోరు. ఆయన ఇల్లు కొన్నది 1990ల్లో. ఈ రాష్ట్రంలో 1978లో ప్రజలే ఓటేసి తెచ్చుకున్న 13వ ప్రతిపాదన పుణ్యమా అని, ఇంటి పన్ను లెక్కగట్టే విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. కాబట్టి నిన్నగాక మొన్న పక్కన కొన్న కుర్రాడు కట్టే దానిలో ఈయన కట్టేది పిసరంత. అయినా పన్ను నోటీసు వచ్చిన రోజు ఇంట్లో కాఫీ ఉండదు. మంటల వల్ల కౌంటీ జనమంతటికీ ఆదాయ పన్ను గడువు ఏప్రిల్ 15 నుంచి అక్టోబరు 15కి పొడిగించారు. "ఆర్నెల్లు మెదడులో పెట్టుకు తిరగమంటారా?" అని దానికీ కోపమే. ఆ 2025 ఏప్రిల్ ఒకటి నుంచి కౌంటీలో అమ్మకం పన్ను 9.75 శాతమైంది. జులై నుంచి గ్యాలను పెట్రోలుకి రాష్ట్రం పన్నే 61 సెంట్లు దాటింది. ఈ రెండు అంకెలూ ఆయన నాకు ఫోను చేసి చెప్పారు. ఇందులో మాత్రం నేనూ తక్కువ తినలేదు. పెట్రోలు బంకులో మీటరు తిరుగుతుంటే నా నోటి వెంట వచ్చే తెలుగు, బావగారు విన్నా చెవులు మూసుకుంటారు.

ఆల్టడీనాకి మేయరు లేకపోయినా టౌన్ కౌన్సిల్ అని ఒకటుంది. సలహాలివ్వడమే తప్ప అధికారాలేమీ ఉండవు. మాట్లాడదలచిన వాళ్లకి ఇన్ని నిమిషాలని గడియారం పెడతారు. బావగారు పసుపు ఫైలు తెరిచి, ఉపోద్ఘాతం ముగించేసరికి గంట మోగుతుంది. పోటీ చెయ్యండి, లోపలికెళ్లి మాట్లాడొచ్చు కదా అని అక్కయ్య ఈ మధ్య పోరుతోంది.

"గవర్నమెంటులో చేరమంటావా నన్ను!" అని అరిచారు.

మీరెప్పుడైనా కలబాసాస్ గుడికి వస్తే, మూడు రంగుల ఫైళ్లు సంకలో పెట్టుకున్న పెద్దాయన కనిపిస్తారు. మీకు ఏ ఫారం నింపడం రాకపోయినా మొహమాటపడకుండా ఆయన్ని అడగండి. బల్ల దొరికితే అక్కడికక్కడే నింపిస్తారు. ట్యాక్స్ ఎంత కట్టారని అడుగుతారు, చెప్పకండి. హైడ్రెంట్లలో నీళ్లెందుకు లేవని మాత్రం మీరు అడగకండి. పులిహోర అయిపోతుంది.