యూనియన్ చందా గురించి మిల్లు గేటు దగ్గర చెప్పే తప్పుడు సలహాలు

నెల్లిమర్ల జూట్ మిల్లయినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫ్యాక్టరీ అయినా, కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే సలహాలు మొదలవుతాయి. యూనియన్ సభ్యత్వం, చందా గురించి చెప్పేవాటిలో చాలా మటుకు తప్పులే. తమ్ముడూ, కిందివి ఎవరు చెప్పినా వినకు.

"మా యూనియన్లో చేరకపోతే ఉద్యోగం పోద్ది బాబూ."

పోదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ప్రైవేటు కంపెనీకీ యూనియన్‌కూ ఒప్పందం ఉంటే, సభ్యుడు కానివాడు కూడా రుసుం కట్టాల్సి వస్తుంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) ఇచ్చింది. ఉపాధ్యాయులు ఒక సంఘంలో తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన సీతారామాచారి కేసులో హైకోర్టు ముందుకొచ్చినప్పుడు, సంఘంలో చేరకుండా ఉండే హక్కు కూడా అందులో భాగమేనని తీర్పు వచ్చింది. 1958 నాటి ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. చేరమని యూనియన్ బెదిరించినా, చేరొద్దని యాజమాన్యం బెదిరించినా 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దాన్ని అక్రమ చర్యగానే చూసింది. 2025 నవంబరు 21న దాని స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అంతే.

"ఈ తెల్లకాగితం మీద సంతకం పెట్టీ, జీతంలో వాళ్లే కోసుకుంటారు."

ఇది అన్నిటికంటే చెడ్డ సలహా. నువ్వు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే జీతంలోంచి యూనియన్ చందా కోయాలి, అదీ రిజిస్టరైన యూనియన్‌కే. 1936 వేతన చెల్లింపు చట్టం చెప్పిందీ, ఇప్పుడు వేతనాల కోడ్ చెప్పేదీ ఇదే. యూనియన్ పేరు, మొత్తం రాసి ఉన్న కాగితం మీదే సంతకం పెట్టు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకో. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో వచ్చిన సవరణ ఫ్యాక్టరీ కార్మికుడికి కనీస చందా ఏడాదికి 12 రూపాయలని పెట్టింది. అంతకంటే ఎక్కువ అడగొచ్చు. కానీ ఎందుకో చెప్పాలి, రసీదు ఇవ్వాలి.

"ఎలక్షన్ ఫండు కూడా ఇచ్చీ, లేకపోతే సభ్యత్వం తీసేస్తారు."

యూనియన్ రాజకీయ నిధి పెట్టుకోవచ్చు, కానీ దాని ఖాతా వేరుగా ఉండాలి. దానికి ఇవ్వనివాడిని బలవంతపెట్టకూడదు, సభ్యుడిగా అతని హక్కులు తగ్గించకూడదు. ఈ రక్షణ 1926 నుంచీ ఉంది. మన జిల్లాలో దీని గురించి తెలిసిన కార్మికులు తక్కువ. నాయకులు గేట్ మీటింగుల్లో చెప్పాల్సిన మాట ఇది.

"లెక్కలు అడిగితే నాయకుడికి కోపమొస్తాది."

రానీ. ఖాతా పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు సభ్యుడికి ఉంది.

"మనకేటి బాబూ, చందా కట్టకపోయినా పెరిగిన జీతం అందరికీ వస్తాది."

ఇది సగమే నిజం. కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందం సభ్యులు కానివాళ్లకూ, రేపు చేరేవాళ్లకూ వర్తిస్తుంది. బయట నేరుగా చేసుకున్న ఒప్పందమైతే సంతకం చేసిన పక్షాలకే. పైగా కొత్త కోడ్ ప్రకారం ఒకటి కంటే ఎక్కువ యూనియన్లున్న చోట, మస్టర్ రోల్లో 51 శాతం మంది సభ్యులున్న యూనియన్‌కే యాజమాన్యంతో ఏకైక బేరసారాల హక్కు. నువ్వు దూరంగా ఉన్నా మస్టర్లో నీ పేరు ఉంటుంది కాబట్టి, ఏ యూనియనూ ఆ మెట్టు ఎక్కకుండా నువ్వే అడ్డుపడ్డట్టు. చేరకపోవడం నీ హక్కే. ఆ హక్కు వాడుకునే ముందు మాత్రం, 1994లో నెల్లిమర్లలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న జూట్ కార్మికుల ఇళ్లను తలుచుకో. నా మట్టుకు నేను చేరమనే చెబుతాను.

"మేనేజర్ చెప్పిన యూనియన్లో చేరితే సేఫ్."

యాజమాన్యం తన సొంత యూనియన్ పెట్టించడమే చట్టవిరుద్ధం. నీ బోనస్ గురించి అది ఎవరితో కొట్లాడుతుంది?

ఈ నెల జీతం చీటీ తీసి చూడు. అందులో యూనియన్ చందా కోత ఉండి, నువ్వు సంతకం పెట్టిన కాగితం లేకపోతే, కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకో.