కావిడికి ఎన్ని కాయలు?

తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. అందరూ జీసీసీ అని పిలిచే గిరిజన సహకార సంస్థ పుట్టిందీ ఆ ఏడాదే. ఇంచుమించు డెబ్బై ఏళ్లుగా ఇద్దరూ కలిసి మన్యానికి కిలో అంటే ఏమిటో నేర్పుతూనే ఉన్నారు. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేటలో సోమవారం సంతకు వెళ్లి చూస్తే, సీతాఫలాలు ఇప్పటికీ కావిళ్ల లెక్కనే చేతులు మారుతుంటాయి.

కావిడంటే ఒక వెదురుబద్ద, రెండు కొసలకీ రెండు బుట్టలు. ఒక మనిషి భుజాన మోసుకుని కొండ దిగగలిగినంత సరుకు. ఆ మనిషి ఎవరన్నది ఏ చట్టంలోనూ రాసిలేదు. పాతికేళ్ల కుర్రాడి కావిడీ కావిడే, మనవలున్న తాత కావిడీ కావిడే. బుట్ట అల్లినవాడి ఓపికను బట్టి కొన్ని లోతుగా, కొన్ని వెడల్పుగా ఉంటాయి. అడుగున ఎంత ఆకు పరిచారన్నది అమ్మేవాడికే తెలిసిన రహస్యం. “కావిడికి ఎన్ని కాయలుంటాయి?” అని పట్నం నుంచి వచ్చినవాళ్లు అడుగుతారు. జవాబు ఎప్పుడూ ఒకటే: “ఎన్ని పడితే అన్ని, బావూ.”

ఇది అజ్ఞానం అనుకుంటే పొరపాటు. ఈ లెక్క వ్యాపారికీ కావాలి. కాటా పెడితే ధర అందరికీ తెలిసిపోతుంది. కావిడైతే కంటిచూపుతో తేల్చెయ్యొచ్చు. ఆ బేరం దగ్గరుండి చూడాల్సిందే. వ్యాపారి ముందు బుట్టను కాలితో కాస్త జరుపుతాడు, బరువు చూడ్డానికి. తర్వాత పైనున్న కాయను బొటనవేలితో నొక్కి మొహం చిట్లిస్తాడు.

“ఏటప్పా, అన్నీ కళ్లిచ్చీసినాయి. ఇశాపట్నం ఎల్లేసరికి గుజ్జయిపోతాయి.”

“అయితే ఇక్కడే కూకుని తినీ. గుజ్జు నీకే మిగుల్తాది.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, వ్యాపారి కూడా నవ్వుతాడు. కానీ చివరికి నెగ్గేది అతనే. కళ్లు విచ్చిన సీతాఫలం రెండు మూడు రోజులకు మించి ఆగదు. దిగి వచ్చిన కావిడిని మళ్లీ కొండెక్కించే ఓపిక ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం దాటే కొద్దీ ఎండ వ్యాపారి పక్షాన నిలబడుతుంది. జూన్, జూలైల్లో వచ్చే అనాస పళ్లదీ ఇదే కథ. కాకపోతే వాటి ముళ్లు కొనేవాడికీ అమ్మేవాడికీ సమానంగా గుచ్చుకుంటాయి.

ఇక లెక్కల సంగతి. ఈ కొండల్లో సవరలు, జాతాపులు ఎక్కువ. సవర భాషలో పన్నెండు దాకా అంకెలకు విడివిడి పేర్లున్నాయి. పదమూడుకి వచ్చేసరికి పన్నెండు మీద ఒకటి అంటారు. ఇరవై నిండాక ఇరవైల లెక్కలో సాగిపోతారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. ఇలాంటి లెక్కతో పెరిగిన ముసలాయన, వందల్లో బేరమాడే వ్యాపారితో, మధ్యలో ఒడియా మాటలు కలిపి పైకం సరిచూసుకుంటుంటే పక్కన నిలబడ్డ డిగ్రీ కుర్రాడు ఫోన్లో క్యాలిక్యులేటర్ వెతుకుతుంటాడు. ముసలాయన లెక్కే ముందు తేలుతుంది.

ఈ భాషను పుస్తకానికి ఎక్కించినవాడు మనకు బాగా తెలిసిన మనిషే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవరలను తన ఇంట్లోనే పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టింది, దానికి వాడిన క్వినైనుతో వినికిడి పోయింది. జనం మాట వినాలని వెళ్లిన మనిషికి చెవులు పోవడం కన్నా పెద్ద వెటకారం విధికి కూడా చేతకాదేమో. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలేస్తాం. సవర సంగతి మాత్రం ఉపన్యాసం చివర్లో, టైమ్ మిగిలితే.

దూరం కొలవడం మరో విద్య. కొత్తగా ఉద్యోగంలో చేరిన సర్వేయరెవరో, పైనున్న గూడెం ఎంత దూరమని అడిగాడనుకోండి. “ఇక్కడే బావూ, ఆ గెడ్డ దాటితే వచ్చీసినట్టే” అంటుంది నెత్తిన కట్టెలమోపుతో వెళ్తున్న ముసలామె. ఆ గెడ్డ తర్వాత ఇంకో గెడ్డ, దాని తర్వాత ఒక కొండ. ఫోన్లో మ్యాపు రెండు కిలోమీటర్లే చూపిస్తుంది, నిజమే. పక్షికి అంతే దూరం. సర్వేయరు మూడోసారి బండ మీద కూలబడి నీళ్లసీసా ఖాళీ చేసేసరికి ఆమె మోపు దించి, గంజి తాగి, తిరుగు ప్రయాణంలో ఎదురొస్తుంది. “ఇంకా ఇక్కడే ఉన్నావేటి?” అని జాలిపడుతుంది కూడా. రాత్రివేళ జబ్బుచేస్తే మాత్రం ఆ దూరంలో నవ్వేమీ ఉండదు. 108 బండి రోడ్డున్నంత వరకే వస్తుంది, అక్కడి దాకా డోలీలో మోసుకురావాల్సిన గూడేలు ఇంకా ఉన్నాయి.

సంత రోజు ఆటోది ఇంకో గణితం. పర్మిట్ ప్రకారం డ్రైవరు కాక ముగ్గురు. సోమవారం ముగ్గురెక్కితే డ్రైవరు ఆటోను ఖాళీ కిందే జమకట్టి బీడీ వెలిగిస్తాడు. చంటిపిల్లలు లెక్కలోకి రారు. ఒళ్లో కూర్చునే పిల్లలు సగం. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు సిబ్బంది కింద లెక్క. వెనక వేలాడేవాళ్లు సొంత పూచీ. కోళ్లు సామాను. మేక విషయంలో మాత్రం ప్రతి వారం వాదన జరుగుతుంది, ఇంతవరకూ తీర్పు రాలేదు.

రోజులకూ ఇక్కడ తేదీలతో పనిలేదు. అప్పు తీర్చేది పై సంతకి, చుట్టాలొచ్చేది సంత దాటాక. క్యాలెండరు మాత్రం ప్రతి గోడకీ ఉంటుంది. అందులో తేదీల కన్నా దేవుడి బొమ్మే ఎక్కువ పనిలో ఉంటుంది.

అన్నిటికన్నా కచ్చితమైన కొలత యంత్రాలది అంటారు. రేషను డిపోలో ఈపోస్ యంత్రం వేలిముద్ర అడుగుతుంది. పసుపు ఉడికించి, చింతపండు పిక్క తీసి, జీడిగింజలు ఏరిన వేళ్లవి. జీడిపెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కి ఊడిపోతుంది. అలా గీతలు అరిగిన వేలు పెడితే ఈమె ఈమె కాదని యంత్రం తేల్చేస్తుంది. ఎదురుగా కూర్చున్న గుమస్తా ఆమెను చిన్నప్పటి నుంచీ పిన్నీ అని పిలుస్తున్నాడు, అయినా అతని సాక్ష్యం చెల్లదు. కొన్ని గూడేల్లో ముందు సిగ్నల్ దొరకాలి. గుమస్తా యంత్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఎత్తయిన బండ వైపు నడుస్తుంటే, కార్డులు పట్టుకుని ఊరంతా వెనకాల వెళ్తుంది, ఉత్సవ విగ్రహం ఊరేగినట్టు. పైన ఒక గీత సిగ్నల్ వస్తుంది. ఎవరూ కదలకండర్రా అని గుమస్తా అరుస్తాడు. జనం కదిలితే సిగ్నల్ పోతుందని ఏ ఇంజినీరూ చెప్పలేదు. అయినా అందరూ ఊపిరి బిగబడతారు.

ఒడిశా అడవుల నుంచి దిగిన ఏనుగులు ఈ జిల్లాలో కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. మనుషుల ప్రాణాలు కూడా తీశాయి కాబట్టి వాటి మీద హాస్యం చెయ్యడానికి ఊళ్లో ఎవరూ ఇష్టపడరు. నష్టపరిహారం లెక్క మీద మాత్రం చేస్తారు. పెద్ద ఏనుగు రోజుకి 150 కిలోల దాకా మేస్తుంది, తొక్కేది అంతకు ఎన్నో రెట్లు. ఎన్ని అరటిచెట్లు పోయాయో లెక్కపెట్టి రాయాలని ఫారంలో గడి ఉంటుంది. లెక్కపెట్టడానికి ఏనుగు ఏమన్నా మిగిల్చితే కదా!

ఇన్ని కొలతల మధ్య 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం ఒక పెద్ద కొలత తీసింది. అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. కొండ ఉన్నచోటే ఉంది, కావిళ్లు దిగే దారీ అదే. మారిందల్లా అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లేవాళ్లు ఎక్కాల్సిన బస్సు.

సెలవు రోజుల్లో మెట్టుగూడ జలపాతానికి శ్రీకాకుళం, విశాఖల నుంచి కార్లు వస్తాయి. దారిలో అనాసలు పేర్చుకున్న అమ్మాయి దగ్గర ఆపి, ఏసీ తగ్గించి, అద్దం సగం దించి, పది రూపాయలు తగ్గించమని బేరమాడతారు. తర్వాత సెల్ఫీ, దానికి మాత్రం బేరం ఉండదు. కాయ కొన్నాక కొసరు అడగడం మన జాతి లక్షణం, దాన్ని ఎవరూ మాన్పించలేరు. కాకపోతే కొసరు అడిగే ముందు ఆ కావిడి ఎక్కడి నుంచి దిగిందో ఒకసారి తలెత్తి చూడండి. వెళ్లాలనుకుంటే సీతాఫలాలు అక్టోబరు, నవంబరుల్లో దొరుకుతాయి. సంత సోమవారం. పొద్దున్నే వెళ్లండి, సంచి మీరే తీసుకెళ్లండి, చిల్లర కూడా. ఫోన్ పే చేద్దామంటే బండ ఎక్కాల్సి వస్తుంది.