ఊట పక్కన తొట్టి

ఇది ఒక ఇనుప తొట్టి ఆత్మకథ. కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన, లాస్ ఏంజెలిస్‌కూ లాస్ వేగస్‌కూ మధ్య పరుచుకున్న మొహావీ ఎడారిలో, ఓ కొండ వాలున ఈ తొట్టి పడి ఉంది. అంచంతా తుప్పు, అడుగున ఇసుక. పక్కనే ఓ బండ, బండ కింద ఓ ఊట. అనంతపురం పల్లెల్లో ఏటి ఇసుకలో తోడుకునే చెలమంత ఉంటుందది. చుట్టుపక్కల ఎంత దూరం నడిచినా తాగే నీళ్ళు అక్కడే. కాబట్టి ఈ తొట్టి తన గురించి ఏం చెప్పుకున్నా ఊట గురించి చెప్పినట్టే అవుతుంది.

రేకు ఎవరు వంచారో, జింకు పూత ఎవరు పూశారో దీనికి గుర్తు లేదు. లారీలో ఎగిరెగిరి పడుతూ ఈ కొండకు రావడం మాత్రం గుర్తుంది. అప్పట్లో ఈ నేలంతా పశువుల మేత. 1894లో పుట్టిన రాక్ స్ప్రింగ్స్ ల్యాండ్ అండ్ క్యాటిల్ కంపెనీ కాలం నుంచీ ఇక్కడ ఆవుల మందలు తిరిగాయి. ఈ ఎడారిలోని బేకర్ ఊరి దగ్గర ఏడాది మొత్తానికి సగటున పడే వాన 9 సెంటీమీటర్లు దాటదు. కొండల మీదైనా 23 లోపే. అలాంటి చోట ఎన్ని పశువులు బతకాలో తేల్చేది నీరే. అందుకే ఆసాములు ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ తవ్వారు, గొట్టం దించారు, గొట్టం చివర ఓ తొట్టి పెట్టారు.

ఆ రోజులు తలుచుకుంటే ఈ తొట్టికి ఇప్పటికీ గర్వమే. పొద్దు వాలే వేళకు మందంతా దుమ్ము రేపుకుంటూ దిగేది. ఎండాకాలంలో ఒక్కో ఆవు రోజుకు 50 లీటర్ల పైనే తాగుతుంది. దూడలు తల్లుల కాళ్ళ మధ్య నుంచి మూతులు చాపేవి. రాత్రంతా చుక్క చుక్కగా నిండి, తెల్లారేసరికి తొట్టి మళ్ళీ అంచు దాకా సిద్ధం.

ఆసామి మీద దీనికున్న కోపమూ అప్పటిదే. పారే నీటిలో సగమైనా నేలకు వదల్లేదు, మొత్తం గొట్టంలోకి మళ్ళించాడు. బండ కింద పెరిగిన తుంగ ఎండిపోయింది. తడినేల ఏటికేడు కుంచించుకుపోయి, చివరికి గొట్టం కీలు దగ్గర కారే చెమ్మ మాత్రం మిగిలింది.

1994 అక్టోబర్ 31న కొత్త చట్టం వచ్చింది. సుమారు 16 లక్షల ఎకరాలు మొహావీ నేషనల్ ప్రిజర్వ్‌గా మారి నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వెళ్ళాయి. 2000 ప్రాంతంలో ఇక్కడి మేత హక్కులు చాలావరకు కొనేసి రద్దు చేశారు. మందలు దిగిపోయాయి. మనుషులూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆసామి గొట్టం విప్పి, నీళ్ళను నేలకు వదిలి పోయినా బాగుండేది. ఆ పని చెయ్యలేదు. తొట్టిని బోర్లించి పోయినా బాగుండేది. అదీ చెయ్యలేదు.

అలా మిగిలిన ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పాలి. తాగేవాళ్ళు లేని నీరు పాకురు పట్టింది. మట్టం సగానికి దిగింది. గోడలేమో నున్నటి నిటారు రేకు. గబ్బిలం ఎగురుతూనే నీళ్ళు తాగుతుంది. రివ్వున దిగి, మూతి తడుపుకుని, అదే ఊపులో పైకి లేస్తుంది. నీటి మట్టం లోతుకు పోయి, పైన అడ్డంగా పాత కమ్మీ ఉంటే లెక్క తప్పుతుంది. నీట్లో పడ్డ గబ్బిలం రెక్కలతో ఈదుకుంటూ గోడ దాకా వస్తుంది. ఎక్కడానికి పట్టు దొరకదు. గోడ వెంబడే చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. పిట్టలూ, తొండలూ అంతే. తాగడానికి వచ్చిన ప్రాణాలు తన కడుపులోనే పోతుంటే ఈ తొట్టి ఏం చెయ్యగలదు? దాన్ని చేసింది నీళ్ళు పట్టి ఉంచడానికి. పట్టి ఉంచింది.

ఒక చలికాలం ఉదయం ఇద్దరు నడుచుకుంటూ వచ్చారు. ఒకామె పదవీ విరమణ చేసిన టీచరు, ఆమె వెంట ఓ కాలేజీ కుర్రవాడు. ఇద్దరూ వాలంటీర్లు. జాతీయ పార్కుల్లో జీతం లేకుండా పనిచేసేవాళ్ళ కోసం అమెరికాలో 1970 నుంచే ఒక చట్టం ఉంది. ఎడారి ఊటల దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదన్నది వీళ్ళు తప్పని నియమం. ఫోన్లకు సిగ్నల్ అందదు. ఎప్పటికి తిరిగొస్తారో ముందే చెప్పి బయల్దేరతారు, తాగే నీళ్ళు వెంట తెచ్చుకుంటారు. ఈ ఊటలో నీళ్ళుంటాయో లేదో చూడ్డానికే కదా వాళ్ళు రావడం.

వాళ్ళ పని ఈ తొట్టి దగ్గర్నుంచి చూసింది. మొదట దూరంగా నిలబడి ఫొటో తీశారు. మళ్ళీ వచ్చినప్పుడు అదే చోట, అదే దిక్కుకు తిరిగి తియ్యాలట, లేకపోతే పచ్చదనం పెరిగిందో తగ్గిందో పోల్చలేరు. తడినేల తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చారు. కుర్రవాడు గొట్టం కింద లీటరు కొలపాత్ర పట్టుకున్నాడు, ఆమె స్టాప్‌వాచ్ నొక్కింది. నిండగానే పారబోసి మళ్ళీ పట్టారు. మూడుసార్లు పట్టి సగటు తీశారు. లీటరు నిండడానికి 50 సెకన్లు పడితే నిమిషానికి 1.2 లీటర్లు. తర్వాత నీటి ఉష్ణోగ్రత చూశారు. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో పెన్నులాంటి మీటరుతో చూశారు. ఆ అంకె పెరిగిందంటే నీటిలో కరిగిన లవణాలు పెరిగినట్టు. ఆ పైన మట్టిలో డెక్కల గుర్తులు వెదికారు. బిగ్‌హార్న్ అడవి గొర్రెలవి కొన్ని, ఒకప్పుడు గనుల కోసం వచ్చినవాళ్ళు వదిలేసిన గాడిదల సంతతివి కొన్ని.

వెళ్ళే ముందు ఆమె తొట్టిలోకి వంగి చూసింది. నీటి మీద తేలుతున్నదాన్ని చేత్తో తీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరోసారి వచ్చినప్పుడు ఇనుప జాలీతో చేసిన నిచ్చెన తెచ్చి తొట్టిలోకి వాలుగా దించారు. జాలీ గోడకు సందు లేకుండా ఆనుకుని ఉండాలని కుర్రవాడికి ఆమె పదే పదే చెప్పింది. నీట్లో పడ్డ ప్రాణి గోడ వెంబడే ఈదుతుంది కదా, వేలెడు సందున్నా జాలీ వెనక నుంచి దాటిపోయి మళ్ళీ చుట్టూ తిరుగుతుంది. ఆ రాత్రి ఒక తొండ జాలీ పట్టుకుని అంచెక్కి, రేకు మీద కాసేపు కూర్చుని, దిగి వెళ్ళింది. ఆవుల మందలు తాగిన రోజులకన్నా ఆ రాత్రి ఈ తొట్టికి ఎక్కువ తృప్తి.

ఇంత చిన్న ఊటకు ఇన్ని కొలతలెందుకని ఎవరైనా అడగొచ్చు. నెవాడాలోని డెవిల్స్ హోల్ సంగతి చెబితే అర్థమవుతుంది. 1952 నుంచి డెత్ వ్యాలీ జాతీయ రక్షిత ప్రాంతంలో భాగంగా ఉన్న ఆ నీటి గుంటలో డెవిల్స్ హోల్ పప్‌ఫిష్ అనే చిన్న చేప బతుకుతుంది. సహజంగా అది మరెక్కడా లేదు. నీటి కింద ఓ రాతి అరుగు ఉంది, దాని మీదే చేపలు నాచు తింటాయి, గుడ్లు పెడతాయి. 1968 నుంచి దగ్గరలోని బోర్లు సాగు కోసం నీరు తోడడంతో అరుగు పైకి తేలసాగింది. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1976లో న్యాయమూర్తులంతా ఒకే మాటగా చేప వైపు నిలిచారు. నీరు తగ్గిందని రుజువు చేసిందేమిటి? 1962లో బండకు బిగించిన ఓ రాగి వాషరు. దాన్నుంచి నీటి మట్టం ఎంత కిందుందో ఏళ్ళ తరబడి రాసిపెట్టారు. నీరు ఎంతవరకు దిగవచ్చన్న హద్దు కూడా కోర్టు ఆ వాషరు నుంచే కొలిచి పెట్టింది. ఆ వాషరును తలుచుకుంటే ఈ తొట్టికి అసూయ కలుగుతుంది, ధైర్యమూ కలుగుతుంది. లోహపు ముక్కే అయినా, పక్కన కొలిచి రాసే మనిషి ఉంటే అది సాక్ష్యమవుతుంది.

రాసేవాళ్ళు లేని ఊటలు ఎన్నో. పాత మ్యాపులో నీలం చుక్క ఉంటుంది, అక్కడికి వెళితే పొడి ఇసుక. ఎప్పుడు ఎండింది, వానలు లేక ఎండిందా, బోర్ల వల్లనా, యూరప్, ఆసియాల నుంచి తెచ్చి నాటిన టామరిస్క్ చెట్లు ఊటను కమ్మేశాయా? చెప్పేవాళ్ళుండరు. ఈ ఎడారుల్లో మిల్లీమీటర్ల సైజు ఊటనత్తలున్నాయి, వాటిలో కొన్ని జాతులకు లోకమంతా ఒకటే ఊట. అది ఎండితే జాతి పోతుంది. అందుకే వాలంటీర్లు ఒక ఊట బురదను ఇంకో ఊటకు మొయ్యరు. బూట్లు గీకి, కడిగి, ఆరబెట్టుకుని వెళతారు. ఊట ఎండిపోయి ఉన్నా కాగితం ఖాళీగా వదలరు. ‘నీరు లేదు’ అని రాసి, తేదీ వేసి, ఫొటో తీస్తారు.

వాళ్ళ కొలతలు చూశాకే ఇక్కడి గొట్టం తీసేశారు. నీరు నేలకు దక్కింది. తొట్టిని మాత్రం కదిలించలేదు, పాత మేతకాలం గుర్తులు కూడా ఈ నేల చరిత్రేనని. ఇప్పుడు ఇందులో చుక్క లేదు. బండ కింద తడి విస్తరించింది, తుంగ మొలిచింది, టీచరమ్మ దాని వెడల్పును టేపుతో కొలుస్తోంది. పచ్చదనం చూసి గాడిదలూ దిగాయి, మెత్తటి నేలను తొక్కి తొక్కి బురద చేస్తున్నాయి. అడవి గొర్రెలను రానిచ్చి గాడిదలను ఆపే పైపుల కంచె వెయ్యాలని ఇద్దరూ కాగితం మీద గీసుకున్నారు. గుంతలు తవ్వాలి, పైపులు భుజాల మీద మొయ్యాలి, దారి లేని వాలు. ఎండలు ముదరకముందే కావలసిన పని అది, దానికి ఇంకో నలుగురైనా కావాలి.