పరాయి ముఖం మోస్తున్న దీపం: ఒక ఆత్మకథ

ఐర్లండ్ పశ్చిమాన, మేయో కౌంటీలోని కాసిల్‌బార్ సమీపాన ఉన్న గ్రామీణ జీవన జాతీయ మ్యూజియంలోని ఈ దయ్యపు దీపం తన ఆత్మకథను ఉత్తమ పురుషలో చెప్పుకోదు. దీని గుంటకళ్లూ, ఇకిలించిన పళ్లూ నిజానికి మరో దీపానివి. ఆ మూలదీపం టర్నిప్, అంటే ఆవాల కుటుంబానికి చెందిన గుండ్రటి దుంప. దొనెగల్ కౌంటీలోని ఫిన్‌టౌన్ నుంచి 1943లో అది మ్యూజియానికి చేరింది. దుంప ఎండి శిథిలమవుతుండగా దానికి అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ పోతే ఈ కథ చెబుతున్న వస్తువు.

మూలదీపం వెలిగింది అక్టోబరు 31 రాత్రి కోసం. పూర్వపు గేలిక్ జనం, అంటే ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల పశుపాలకులూ రైతులూ, కోతలు ముగిసి, వేసవి మేతకు తోలిన పశువులు ఇళ్లకు చేరి, చలికాలం మొదలయ్యే ఆ సంధిని సావిన్ అనే పండుగగా జరుపుకొన్నారు. రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుందన్న లెక్క వల్ల నవంబరు 1 నాటి పండుగకు ముందురాత్రే ప్రధానమైంది. ఆ రాత్రి అన్యలోకపు ద్వారాలు తెరుచుకుంటాయని నమ్మేవారు. రాస్‌కామన్ కౌంటీలోని రాత్‌క్రోహన్ వద్ద ఉన్న ఒక గుహను మధ్యయుగపు ఐరిష్ కథలు అలాంటి ద్వారంగానే వర్ణించాయి.

క్రైస్తవ మతాధికారులు సకల పునీతుల దినాన్ని నవంబరు 1న పెట్టి సావిన్‌ను కప్పేశారన్న ప్రచారం బలంగా ఉన్నా, తొలినాటి ఐరిష్ పంచాంగంలో ఆ పునీతుల పండుగ ఏప్రిల్ 20న కనిపించడం చూస్తే విషయం అంత సూటిగా లేదని తోస్తుంది. నవంబరు 2 మృతుల ఆత్మల కోసం ప్రార్థించే దినమయ్యాక, ఇంగ్లండ్‌లో పేదలు ఇంటింటికీ తిరిగి ప్రార్థనలకు బదులుగా ‘ఆత్మ రొట్టెలు’ అందుకునే ఆచారం పెరిగింది.

దీపాల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. చెక్కిన దుంపదీపాలు రెండువేల ఏళ్లనాటి డ్రూయిడ్ల, అంటే కెల్టిక్ పురోహితుల, కాలం నుంచీ ఉన్నాయన్న మాటకు గట్టి ఆధారం లేదు. వాటి గురించిన స్పష్టమైన సాక్ష్యాలు చాలావరకు పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలవి. ముఖాన్ని అరువు తెచ్చుకున్న ఈ పోతకు ఆ అరువు ప్రాచీనత కొంత వినోదంగానే తోచవచ్చు. గట్టి దుంపను కత్తితో, చెంచాతో ఓపికగా తొలిచి, కొవ్వొత్తి ముక్క నిలిపితే, పలచబడిన గోడల గుండా వెలుతురు కనబడుతుంది. దయ్యాలను తరమడానికే కాక, దారినపోయేవారిని హడలగొట్టడానికి కూడా కుర్రకారు దాన్ని వాడుకున్నారు. జాక్ అనే జిత్తులమారి తన ఆత్మను తీసుకుపోనని సైతాను చేత మాట ఇప్పించుకుని, చనిపోయాక స్వర్గంలోనూ నరకంలోనూ చోటు దొరకక, సైతాను విసిరిన నిప్పుకణికను టర్నిప్‌లో పెట్టుకుని తిరుగుతున్నాడన్నది జానపద గాథ. దాని వెనుక ఉన్నది బురదనేలల మీద రాత్రిపూట కనిపించే మినుకుమినుకు మంట. తెలుగు పల్లెల్లో కొరివిదయ్యం అన్నది అలాంటి వెలుగునే.

1845లో మొదలైన బంగాళాదుంప కరవు లక్షలాది ఐరిష్ వారిని అమెరికాకు తరిమింది. అక్కడి గుమ్మడికాయ పెద్దది, తొలవడానికి సులువైనది కావడంతో దుంప స్థానాన్ని ఆక్రమించి, ఇరవయ్యో శతాబ్దంలో సినిమాల వెంట తిరిగి ఐర్లండ్‌కే దిగుమతైంది. అంతకంటే లోతైన మార్పు, ఆ రాత్రి పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగే యాత్రలో జరిగింది. స్కాట్లండ్‌లో వేషాలు కట్టి వచ్చినవారు పాటో పద్యమో వినిపించాకే ఆపిల్, గింజలు, నాణెం అందుకునేవారు. ఉత్తర అమెరికాలో 1930ల నుంచి వ్యాపించిన పద్ధతి మాత్రం ‘మిఠాయి పెట్టు, లేదంటే ఆకతాయి పని చేస్తాం’ అనే సరదా బెదిరింపుగా మారింది. కళ ఇచ్చి కానుక పుచ్చుకునే మర్యాద అలా పలచబడింది. అయినా ఐరిష్ ఇళ్లలో ఉంగరం దాచిన పండ్ల రొట్టె, బార్మ్‌బ్రాక్, కోసుకుని ఎవరి ముక్కలో అది వస్తే వారికి ఏడాదిలోగా పెళ్లని నవ్వుకోవడం ఇప్పటికీ ఉంది.