ఎలుకను పట్టి కొండను ప్రకటించే విద్య

కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత కాగా, ఎలుకను పట్టి కొండను ప్రకటించడం విశ్వవిద్యాలయాల కొత్త విద్య. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు ఆరోగ్య పరిశోధనలపై 2011లో విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అసలు పరిశోధన పత్రాల పక్కన పెట్టి చూసి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెల్లడించిన లెక్క ప్రకారం, జంతు పరిశోధనలపై వచ్చిన ప్రకటనలలో ఆ ఫలితాన్ని మనుషులకు అంటగట్టినవి 36 శాతం కాగా, సహసంబంధాన్ని, అనగా రెండు విషయాలు జంటగా కనబడటాన్ని, తేల్చిన పరిశోధనల ప్రకటనలలో దాన్ని ఒకదానికి మరొకటి కారణమన్నట్లు చిత్రించినవి 33 శాతం. ఎలుకకు తగ్గిన జబ్బు ప్రకటనలో రోగికి తగ్గి, మర్నాటి పేపరులో మందుగా వెలయడం ఈ విద్యలోని మెట్లు.

నింద మాత్రం విలేకరిదే. జంతు ఫలితాలను ప్రకటనే పెంచి చెప్పినప్పుడు 86 శాతం వార్తలు అదే పాట పాడగా, ప్రకటన నిజాయితీగా ఉన్నప్పుడు దారి తప్పినవి 10 శాతమే. అచ్చుకు ముందు ప్రకటనను సరిచూసి తల ఊపేది సాధారణంగా పరిశోధకుడే గనుక (ఆ తల ఊపడం ఏ పత్రికలోనూ పడదు), ‘మీడియా వక్రీకరించింది’ అనే వాపోత అంతగా అతకదు. పోనీ, ఈ అతిశయోక్తి వల్ల ఎక్కువ వార్తలు వచ్చాయా అంటే, అందుకు గట్టి ఆధారమూ దొరకలేదు. పరువు పోగొట్టుకుని ప్రచారమైనా దక్కని ఈ బేరాన్ని ప్రజాసంబంధాల విభాగాలు మానుకొని, పరీక్ష జరిగినది ఏ జీవిపైనో శీర్షికలోనే వేస్తే చాలు; అందుకు పాలకమండలి తీర్మానం అక్కరలేదు.